పండుగ సరకుల చౌక ధర – దాని వెనుకనున్న లెక్క

పండుగ దగ్గరపడిన కొలది సరకుల ధర పెరుగునని లోకము నమ్మిక. కొనువారు హెచ్చినపుడు అమ్మువాడు ధర పెంచుట సహజమని పెద్దలు చెప్పుచు వచ్చినారు. కాని సూపర్ మార్కెట్లని అందరు పిలుచు నేటి పెద్ద అంగళ్లలో దీనికి విరుద్ధముగా జరుగుచున్నది. సంక్రాంతికి పది దినములు ముందుగనే పంచదార, నూనె, మినపపప్పు, సెనగపిండి, బొంబాయిరవ్వ మొదలైన పిండివంటల సరకులపై ధర తగ్గించితిమని రంగు కాగితములు పంచుదురు. వానిలో ఒకటి రెండు సరకులు చిన్న వర్తకునకు టోకు బజారులో పడు ధరకంటెను తక్కువకు దొరకుటయు కలదు.

ఇది చూచిన చిన్న అంగడివానికి మూడు అనుమానములు కలుగును. సరకు నాసిరకమేమో యనునది మొదటిది. తూకములో తక్కువయేమో యనునది రెండవది. పన్ను ఎగవేసిరేమో యనునది మూడవది. సాధారణముగా ఈ మూడింటిలో ఏదియు నిజము కాదు. కారణము లెక్కలో నున్నది. ఆ లెక్క తెలియనివాడు భయపడి అంగడి మూయ తలచును. లేదా పంతమునకు పోయి తానును అదే ధరకు అమ్మి మూలధనము పోగొట్టుకొనును. కనుక వర్తక కుటుంబములలోని పెద్దలును, క్రొత్తగా గల్లాపెట్టె యొద్ద కూర్చుండు పిల్లలును ఈ లెక్కను ఒకమారు నిదానముగా చూడవలసియున్నది.

సరిహద్దు అంగడి

గిరిసోల గంజాం జిల్లాలో, ఒడిషా రాష్ట్రపు చివర, జాతీయ రహదారి మీద నున్న ఊరు. సరిహద్దు దాటి దక్షిణమునకు పోయిన శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురము వచ్చును. ఉత్తరమునకు పోయిన బరంపురము చేరుదుము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా వేరు రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ ప్రాంతమంతయు మదరాసు రాష్ట్రములోనిదే. అందుచే ఇచటి కిరాణా అంగడికి తెలుగువారును ఒరియావారును సమముగా వత్తురు. తెలుగు ఇల్లాలు అరిసెలకు బెల్లము కొనును. ఒరియా ఇల్లాలు అరిసా పిఠాకు బెల్లము కొనును. పేరులో కొంచెము భేదమే గాని పాకము ఒక్కటే.

పూర్వము రెండు రాష్ట్రముల అమ్మకపు పన్నులు వేరు వేరుగా నుండుటచే సరిహద్దుకు ఇటొక ధర, అటొక ధర యుండెడిది. 2017 జులై 1వ తేదీన వస్తు సేవల పన్ను దేశమంతట అమలులోనికి రాగా ఆ భేదము పోయినది. నేడు ధరలో తేడా పుట్టించునది పన్ను కాదు. కొనుట యెట్లు, అమ్ముట యెట్లు అను రెండు విషయములే తేడాను పుట్టించుచున్నవి. పట్టణములోని పెద్ద అంగడికిని పల్లెలోని చిన్న అంగడికిని గల భేదము ఇచటనే యున్నది.

పిలుపు సరకు

ఒక సరకును కొన్న ధరకే గాని, అంతకంటె తక్కువకు గాని అమ్మి, ఆ నెపమున కొనుగోలుదారుని లోపలికి రప్పించి, తక్కిన సరకులపై లాభము తీయు పద్ధతి యొకటి కలదు. అట్టి సరకును వర్తకశాస్త్రమున 'లాస్ లీడర్' అందురు. తెలుగులో పిలుపు సరకు అని చెప్పవచ్చును.

ఈ పద్ధతి మన దేశమున పుట్టినది కాదు. 1930లో అమెరికాలో మైకేల్ కల్లెన్ అను ఉద్యోగి తాను పనిచేయుచున్న క్రోగర్ కంపెనీ పెద్దలకు ఒక జాబు వ్రాసెను. తాను తలపెట్టిన క్రొత్త అంగడిలో 300 సరకులను కొన్న ధరకే అమ్ముదుననియు, 200 సరకులపై నూటికి 5, మరి 300 సరకులపై నూటికి 15, ఇంకను 300 సరకులపై నూటికి 20 చొప్పున పైవేసి అమ్ముదుననియు అందులో లెక్క చూపెను. కంపెనీవారు పట్టించుకొనలేదు. అతడు ఉద్యోగము మాని ఆ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన న్యూయార్కు నగరములోని క్వీన్స్ భాగమున 'కింగ్ కల్లెన్' అను అంగడి తెరచెను. మొదటి సూపర్ మార్కెటు అదియే యని పలువురి అభిప్రాయము. ఆ జాబులోని నాలుగు వరుసల లెక్కయే నేటికిని ఈ వ్యాపారమునకు పునాది.

మన దేశములో ఈ పద్ధతి ప్రబలినది 2000 తరువాత. డీమార్ట్ మొదటి అంగడి 2002లో ముంబయిలో వెలసినది. రిలయన్సు ఫ్రెష్ 2006లో హైదరాబాదులోనే ఆరంభమైనది. అదే సంవత్సరము జనవరి 26న బిగ్ బజారువారు దేశమంతట 'అన్నిటికంటె చౌక దినము' అని ప్రకటింపగా జనము తట్టుకొనరానంతగా వచ్చిరి. నాటినుండి సెలవు దినములు, పండుగ దినములు పెద్ద అంగళ్లకు గొప్ప బేరపు దినములైనవి.

ఒక ఇంటి సంక్రాంతి చిట్టా

మాటలకంటె అంకెలు మేలు. ఈ క్రింది అంకెలు కేవలము ఉదాహరణకై అనుకొన్నవి.

ఒక ఇల్లాలు పెద్ద అంగడికి పోయి పంచదార 3 కిలోలు, నూనె 2 లీటర్లు, మినపపప్పు 2 కిలోలు తీసికొన్నదనుకొందము. అంగడికి పంచదార కిలో 42 రూపాయలకు పడగా 39కి అమ్మినారు. నష్టము 9 రూపాయలు. నూనె లీటరు 140కి పడగా 138కి అమ్మినారు. నష్టము 4 రూపాయలు. పప్పు 110కి కొని 110కే ఇచ్చినారు. ఈ మూడు సరకుల అమ్మకము 613 రూపాయలు. మొత్తము నష్టము 13 రూపాయలు.

అయితే ఆమె బండి త్రోసికొనుచు తక్కిన అరల ముందునుండి నడచినది. బిస్కత్తులు, మిఠాయి పొట్లములు 300 రూపాయలకు తీసికొన్నది, లాభము 45. సబ్బులు, పండ్లపొడి మొదలగునవి 400కు, లాభము 60. పిండివంటలు నిలువచేయు డబ్బాలు, గిన్నెలు 500కు, లాభము 125. పిల్లవానికి ఒక చొక్కా 400కు, లాభము 120. ఈ నాలుగింటిపై లాభము 350 రూపాయలు. అందులో 13 తీసివేయగా 337 మిగిలినవి. మొత్తము బిల్లు 2,213 రూపాయలు. అనగా నూటికి 15 రూపాయలకు పైగా గిట్టుబాటు. జీతములు, కరెంటు, అద్దె, రవాణా అన్నియు ఇందులోనుండియే పోవలెను.

అవెన్యూ సూపర్‌మార్ట్స్ అను కంపెనీ డీమార్ట్ అంగళ్లను నడుపుచున్నది. ఆ కంపెనీ ప్రకటించు లెక్కలును ఇంచుమించు ఇట్లే యున్నవి. అమ్మకములలో సగమునకు పైగా ఆహార పదార్థములు. అయిదవ వంతుకును నాలుగవ వంతుకును నడుమ గృహోపకరణములు, వస్త్రములు మొదలైనవి. మొత్తముపై స్థూల లాభము నూటికి సుమారు 15. తిండి సరకులు జనమును తెచ్చును. గిన్నెలును గుడ్డలును లాభమును తెచ్చును.

ఇపుడు గిరిసోల అంగడి లెక్క చూడవలెను. చిన్న వర్తకునకు అదే పంచదార 43కు, నూనె 141కి, పప్పు 112కు పడును. అతడు వానిని 45, 144, 116 చొప్పున అమ్మిన మొత్తము అమ్మకము 655 రూపాయలు, లాభము 20 రూపాయలు, నూటికి 3. పెద్ద అంగడి ధరకే అమ్ముదునని పంతము పట్టినచో 20 రూపాయల లాభము పోయి 22 రూపాయల నష్టము వచ్చును. ఆ నష్టము పూడ్చుకొనుటకు అతని అంగడిలో చొక్కాలు లేవు, గిన్నెలు లేవు. ఒక్క ఇంటికి 22 అయిన, పండుగ వారములో రెండువందల ఇండ్లకు 4,400 రూపాయలు. సరకు అప్పు తెచ్చినదైనచో దానిపై వడ్డీ వేరు.

పండుగ సరకులనే ఎందుకు ఎన్నుకొందురు?

దీనికి నాలుగు కారణములు కలవు.

మొదటిది, ధర అందరికి తెలిసిన సరకుననే తగ్గింపవలెను. పంచదార కిలో ఎంతయో ప్రతి ఇల్లాలికి నోటికి వచ్చును. ప్లాస్టికు డబ్బా ధర ఎవరికిని గుర్తుండదు. తెలిసిన సరకు చౌకగా కనబడినచో తెలియని సరకులును చౌకగనే యుండునని మనసు నమ్మును.

రెండవది, పండుగ వారములో అందరికి ఒకే సరకు కావలెను. తక్కిన దినములలో ఒకరికి కందిపప్పు, ఒకరికి గోధుమపిండి కావలసియుండును. ఏ సరకు ధర తగ్గించి ప్రకటింపవలెనో తెలియదు. సంక్రాంతికి బెల్లము, నూనె అందరికిని కావలెను. ఒక్క ప్రకటనతో ఊరంతయు కదలును.

మూడవది, పండుగనాటి చిట్టా పొడవైనది. ఆరు సరకులు కొను దినమున పిలుపు సరకుపై పెట్టిన నష్టము తిరిగి రాకపోవచ్చును. ముప్పది సరకులు కొను దినమున తప్పక వచ్చును.

నాలుగవది, పండుగ దాటిన సరకునకు గిరాకీ పడిపోవును. బొంబాయిరవ్వయు సెనగపిండియు నిలువయుంచిన పురుగుపట్టును. కనుక ముందుగనే తగ్గించి ఖాళీ చేసికొనుట మేలని వారి ఆలోచన.

ఇది ఊహ మాత్రమే కాదు. షికాగో ప్రాంతములోని డొమినిక్స్ అను గొలుసు అంగళ్ల లెక్కలను జూడిత్ షెవాలియే, అనిల్ కశ్యప్, పీటర్ రాసి అను ఆర్థిక శాస్త్రజ్ఞులు పరిశీలించి 2003లో ఒక వ్యాసము ప్రకటించిరి. పండుగలవలన ఏ సరకునకు గిరాకీ పెరుగునో ఆ సరకు ధర ఆ దినములలోనే తగ్గుచుండెనని వారు కనుగొనిరి. ఉత్పత్తిదారుడు తగ్గించుటకంటె చిల్లర అంగడి తన లాభమును తగ్గించుకొనుటయే అందుకు ముఖ్యకారణమని తేల్చిరి. ఇంగ్లండులోను ఇట్లే జరుగుచున్నది. 2024 డిసెంబరులో క్రిస్మసు విందునకు కావలసిన కూరగాయల సంచులను పెద్ద అంగళ్లు పోటీలుపడి పదునైదు పెన్నీలకే అమ్మినవి. అది రైతు పెట్టుబడికైనను చాలని ధర.

కొనుటలోని నేర్పు

పెద్ద అంగడి చౌక ధరలో కొంత భాగము నష్టము వలన కాక కొనుగోలు వలనను వచ్చును. వారు పంచదారను మిల్లునుండి లారీల లెక్కన కొందురు. నడుమ టోకు వర్తకుడు, ఉపటోకు వర్తకుడు, దలారి ఉండరు. పొట్లములు కట్టి పంపు కంపెనీలు పండుగ స్కీములని పదింటికి ఒకటి ఉచితముగా ఇచ్చుటయు, అర ముందు వరుసలో తమ సరకు పెట్టినందుకు సొమ్ము చెల్లించుటయు కలదు. అట్టిచోట్ల ధర తగ్గినట్లు కనబడినను ఆ భారము కంపెనీదే గాని అంగడిది కాదు.

ఇంకొకటి, సరకు తిరుగుట. ఒక వర్తకుడు లక్ష రూపాయల సరకు పెట్టి నూటికి 10 లాభముతో ఏడాదికి నాలుగుమార్లు త్రిప్పిన 40,000 వచ్చును. మరియొకడు అదే లక్షను నూటికి 5 లాభముతో పండ్రెండుమార్లు త్రిప్పిన 60,000 వచ్చును. తక్కువ లాభము తీసికొన్నవాడే ఎక్కువ గడించెను. ఈ లెక్క క్రొత్తది కాదు. నగదు బేరము చేయు ప్రతి టోకు వర్తకునకు తెలిసినదే.

పై అచ్చు ధర విషయమునను కొంత జాగ్రత్త వలయును. పొట్లముపై అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి అమ్మరాదని చట్టము. తగ్గించి అమ్ముటకు అడ్డు లేదు. కొన్ని పొట్లములపై ఆ ధరయే హెచ్చుగా వేసి, అందులో సగమునకు ఇచ్చుచున్నామని చెప్పుట కలదు. కావున ఎంత తగ్గించిరను మాట కాక, కిలోకు ఎంత పడినదను మాటనే కొనువారు చూడవలెను.

భారము ఎవరిపై పడును?

చౌకగా అమ్మిన సరకు నష్టమును ఎవరో ఒకరు మోయవలెను. తరచుగా దానిని మోయునది తక్కిన అరలలో చూడక కొను కొనుగోలుదారుడే. చిట్టా వ్రాసికొని పోయి ఆ మూడు సరకులే తీసికొని వచ్చు ఇల్లాలికి నిజముగా లాభమే. అందుకనియే ఒక బిల్లునకు ఇన్ని కిలోలే యని పెద్ద అంగళ్లు హద్దు పెట్టును.

కొన్నిచోట్ల భారము పండించువానిపై పడునను భయమును కలదు. ఇంగ్లండులో అంగళ్లవారు ఆ తగ్గింపును తామే భరించుచున్నామనిరి. అయినను కూరగాయల విలువయే అంతయని జనము తలచునేమో యని రైతులు చింతించిరి. ఇచటను అనకాపల్లి బెల్లపు బజారు ధరకంటె తక్కువకు బెల్లము అలవాటైనచో మరునాడు ఆ ధరయే న్యాయమని కొనువాడు తలచును.

కొన్ని దేశములు దీనికి చట్టము చేసినవి. జర్మనీలో 2000 సంవత్సరమున పాలు మొదలైన నిత్యావసరములను కొన్న ధరకు తక్కువగా అమ్ముచున్నందుకు వాల్‌మార్టు, ఆల్డి, లిడ్ల్ అను అంగళ్లను ధర పెంచుమని అచటి అధికారులు ఆజ్ఞాపించిరి. మన దేశమున 2002 నాటి పోటీ చట్టము ప్రకారము బజారును తన గుప్పిటిలో నుంచుకొన్న సంస్థ ఇతరులను తరిమివేయుటకై తక్కువకు అమ్మిన తప్పు. నాలుగైదు పెద్ద అంగళ్లు తమలో తాము పోటీపడుచున్నపుడు ఆ మాట రుజువు చేయుట కష్టము. కావున చట్టము వచ్చి కాపాడునని చిన్న వర్తకుడు కూర్చుండరాదు.

రెండు ఉచ్చులు

ఇట్టి కాలమున చిన్న వర్తకునకు రెండు ఉచ్చులు ఎదురగును.

ఒకటి, తూకములోను సరకులోను లోపము చేసి ధర కలుపుకొనుట. కిలోకు 20 గ్రాములు తగ్గించిన పంచదార ధర రూపాయి దిగినట్లే. మినపపప్పులో తక్కువ రకము కలిపిన ఇంకను దిగును. ఈ రహస్యము ఒక పండుగ దాగును, రెండు పండుగలు దాగును. పల్లెలో ఇంటింట తూకపు యంత్రము లేకున్నను పాకము చెప్పును, పిండి చెప్పును. పెద్ద అంగడిలో పొట్లము చెడిన కంపెనీని తిట్టుదురు. చిన్న అంగడిలో సరకు చెడిన ఆ ఇంటి పేరునే తిట్టుదురు. కల్తీయును, దొంగతూకమును దొంగతనములోనివే యని చిన్ననాటనే నేర్చిన కుటుంబములకు ఈ విషయము విస్తరించి చెప్పనక్కరలేదు.

రెండవది, అప్పు తెచ్చి పోటీ ధరకు అమ్ముట. చౌకబేరమునకు దేశమంతట పేరు పొందిన బిగ్ బజారు సంస్థయే అప్పుల భారముచే 2022లో దివాలా విచారణకు పోయినది. వేలకోట్ల బేరము చేసినవారికే చౌక ధర ఒక్కటే రక్షణ కాలేదు. సరిహద్దు పల్లెలోని అంగడికి అది ఎట్లు రక్షణ యగును?

చిన్న అంగడి చేయదగినవి

పై లెక్కలో పెద్ద అంగడికిని గిరిసోల అంగడికిని ఆ మూడు సరకులపై తేడా 42 రూపాయలు. పట్టణమునకు పోయి వచ్చు బస్సు ఛార్జీయు, సగము దినమును కలిపి చూచిన ఆ తేడా తరచుగా కరగిపోవును. ఈ మాట కొనువారికి చెప్పుటలో సిగ్గు లేదు. అయితే తేడా 42కు బదులు 150 అయిన వారు తప్పక పోదురు. కనుక పంచదార, నూనె విషయములో పెద్ద అంగడి ధరతో సమానము కానక్కరలేదు. చాల దూరము మాత్రము పోరాదు. ఆ రెంటిపై చాల స్వల్పలాభము చాలును. లాభము వేరొకచోట వెదకవలెను.

ఆ వేరొకచోటు ఏది? మొదటిది, రెండు పంచాంగములు. పెద్ద అంగడి తగ్గింపులు ఎక్కడనో ఉన్న ప్రధాన కార్యాలయములో నిర్ణయమగును. జూన్ నెలలో వచ్చు రజ పండుగకు పోడ పిఠా చేయుటకు ఏ బియ్యపు రవ్వ, ఎంత కొబ్బరి కావలెనో, ప్రథమాష్టమికి ఎండూరి పిఠాకు పసుపు ఆకులు ఏనాడు తెప్పింపవలెనో, సంక్రాంతికి తడిపిండి ఆడించు మిల్లు ఎచట నున్నదో ఆ కార్యాలయమునకు తెలియదు. సరిహద్దు వర్తకునకు తెలియును. తెలుగు పండుగలును ఒరియా పండుగలును కలిపిన అతనికి ఏడాదికి పిండివంటల గిరాకీ రెట్టింపు దినములు.

రెండవది, సరకు పరిచయము. "ఈ బెల్లము పాకమునకు వచ్చునా?" అని అడిగిన ఇల్లాలికి పెద్ద అంగడిలో సమాధానము చెప్పువాడు లేడు. అనకాపల్లినుండి వచ్చిన బుట్టలలో ఏది ముదురు పాకమునకు, ఏది చలిమిడికి అని చెప్పగల వర్తకుని మాటకు కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనను ఇత్తురు. అరిసెల పాకము చెడిన ఇంటికి పోవునది రెండు రూపాయలు కాదు, బియ్యపు పిండి, నేయి, శ్రమ, పండుగ అన్నియు పోవును.

మూడవది, విడిగా అమ్ముట. 2022 జులై 18వ తేదీనుండి ముందుగా పొట్లము కట్టి పేరు ముద్రించిన బియ్యము, పిండి, బెల్లము వంటి సరకులపై నూటికి 5 పన్ను వచ్చినది. కొనువాని ఎదుట తూచి విడిగా ఇచ్చు అట్టి సరకులపై ఆ పన్ను లేదు. పావుకిలో నువ్వులు, అరకిలో బెల్లము కావలసిన బీదవానికి కావలసినంతయే తూచి ఇచ్చుట చిన్న అంగడికే చెల్లును.

నాలుగవది, కలిసి కొనుట. పది అంగళ్లు చేరి పండుగకు నెలముందు ఒక లారీ పంచదార, ఒక లారీ పప్పు తెప్పించుకొన్నచో బస్తాకు పడు ధర తగ్గును. ఒకరి లెక్క మరియొకరికి చూపుటకు సంకోచించుటచేతనే ఇది జరుగుట లేదు. సరకు వరకే పొత్తు, లాభము ఎవరిది వారిదే యని ముందే వ్రాసికొన్న సంకోచమునకు చోటుండదు.

అయిదవది, అరువు. కూలివానికి పండుగకు ముందు చేతిలో నగదు ఉండదు. పంటకోతకు తీర్చుదునన్న అతని మాట పెద్ద అంగడి గల్లాపెట్టెకు వినబడదు. ఎవరికి ఎంతవరకు ఇయ్యవచ్చునో ఎరిగి, హద్దు పెట్టి, ఆ హద్దు దాటక ఇచ్చు అరువు అంగడికి బలము. ఎరుగక ఇచ్చిన అరువు పెద్ద అంగడి పోటీకంటె వేగముగా అంగడిని ముంచును.

దీపావళినాడు క్రొత్త ఖాతా తెరచునపుడు ఒక్క పుట విడిగా కేటాయింపవచ్చును. పండుగ వారములో అమ్మిన ప్రతి సరకు ఎదుట కొన్న ధర, అమ్మిన ధర, అమ్మిన బరువు వ్రాసి, ఏ సరకు అంగడికి మనిషిని తెచ్చినది, ఏ సరకు లాభము తెచ్చినది అని రెండు గీతలు గీయవలెను. మరుసటి సంక్రాంతికి పట్టణమునుండి రంగు కాగితము వచ్చినపుడు మొదట ఈ పుట తీసి చూచుకొని, ఆ తరువాత ధర చెప్పవలెను.